గడప అంటే ఏంటి, ఎక్కడ ఎలా వాడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో నల్గొండ వాళ్లు, గుంటూరు వాళ్లు, కర్నూలు వాళ్లు, తరాలుగా పాతబస్తీలో ఉన్నవాళ్లు పక్కపక్కనే ఉంటారు. ఇంటి తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి మాటలు వాళ్లవే. ఒకరి గడప ఇంకొకరికి కడప, ఒకరి గుమ్మం ఇంకొకరికి దర్వాజ, వాకిలి అంటే ఒకరికి తలుపు, ఇంకొకరికి ముగ్గేసే జాగా. ఈ మాటల మీద తరచుగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సింది చూసుకోండి.

గడప అంటే సరిగ్గా ఏ భాగం?

తలుపు చట్రంలో అడుగున అడ్డంగా ఉండే చెక్క. లోపలికి పోవాలంటే కాలెత్తి దాటేది ఏదో అదే గడప. చెక్కదే కానక్కర్లేదు. పాత గుళ్లలో రాతి గడపలు ఉంటాయి, ఇప్పటి ఇళ్లలో గ్రానైట్ ముక్క పరిచినా దాన్నీ గడపే అంటాం. తలుపు గడప కాదు, పక్కన నిలబడ్డ చెక్కలు గడప కాదు, నెత్తి మీద ఉండే అడ్డచెక్క కూడా గడప కాదు. గడప అంటే కాలికి సంబంధించింది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద చెప్పబోయే వాడుకలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి, ఎక్కడ గడప అనాలో ఎక్కడ గుమ్మం అనాలో కూడా తడుముకోవాల్సిన అవసరం ఉండదు.

మరి గుమ్మం, ద్వారబంధం, దర్వాజ, తలుపు, వాకిలి? వీటికి తేడా ఏంటి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

తలుపు అంటే తెరిచేది, మూసేది, అంటే రెక్క. దీని మీద పెద్దగా గొడవలేదు. ద్వారబంధం అంటే ఆ రెక్కను పట్టుకుని ఉండే చట్రం మొత్తం: రెండు నిలువు చెక్కలు, పైన ఒక అడ్డచెక్క, కింద గడప. గుమ్మం అనే మాట కోస్తా వైపు ఎక్కువ. ఒకోసారి చట్రాన్ని గుమ్మం అంటారు, ఒకోసారి ఆ చట్రం మధ్య ఉన్న ఖాళీని, అంటే మనం నడిచే దారిని గుమ్మం అంటారు. "గుమ్మంలో నిలబడ్డాడు" అంటే ఆ ఖాళీలో నిలబడ్డాడని. "ఇంటికి ఎన్ని గుమ్మాలు పెట్టారు" అంటే ఎన్ని చట్రాలు పెట్టారని.

తెలంగాణలో ఈ రెండు పనులూ దర్వాజ చేస్తుంది. "దర్వాజ కాడ నిలబడ్డడు", "దర్వాజకు మామిడాకులు కట్టిన్రు" అంటారు. ఉర్దూ నుంచి వచ్చిన మాటే అయినా ఇవాళ అది పక్కా తెలంగాణ తెలుగు మాట, పల్లెల్లో ఉర్దూ ఒక్క ముక్క రాని ముసలమ్మలు కూడా దర్వాజ అనే అంటారు. వడ్రంగుల దగ్గర చౌకట్ అనే మాట కూడా వినిపిస్తుంది. చౌ అంటే నాలుగు, నాలుగు కట్టెలు కలిస్తే చౌకట్. ఆ నాలుగో కట్టె గడపే.

వాకిలి దగ్గరే అసలు తికమక. తెలంగాణలో వాకిలి అంటే ఇంటి ముందు ఊడ్చి, సానుపు (పేడనీళ్లు) చల్లి, ముగ్గేసే జాగా. రాయలసీమలో చాలాచోట్ల వాకిలి అంటే తలుపే, "వాకిలి వెయ్" అంటే తలుపు మూయమని. సీమ నుంచి వచ్చిన కోడలితో తెలంగాణ అత్తగారు "వాకిలి ఊడువు బిడ్డా" అంటే ఆ అమ్మాయికి మొదట్లో అర్థం కాకపోవడంలో వింతేం లేదు. ద్వారం అనే అర్థం బాగా పాతది, తిరుమల ఆలయంలో వెండి వాకిలి, బంగారు వాకిలి అనేవి ద్వారాలే కదా. కాబట్టి ఎవరి వాకిలి వాళ్లకు కరెక్టే.

మా నానమ్మ "కడప" అంటుంది. అది తప్పు ఉచ్చారణా?

కాదు, దయచేసి ఆమెను దిద్దకండి. గడప, కడప రెండూ ఒకే మాటకు రెండు రూపాలు. తెలంగాణ పల్లెల్లో "కడప మీద కూసోకు", "కడపకు పసుపు రాసినవా" అని వాడుకలో ఉంది. బడికి వెళ్లిన పిల్లలు పుస్తకంలో గడప అని చూసి, ఇంట్లో పెద్దవాళ్లు అనేది తప్పేమో అనుకుంటారు, పెద్దవాళ్లేమో పిల్లలు నవ్వుతారని ఆ మాట వాడటమే మానేస్తారు. అలా మన కళ్లముందే ఇంట్లోంచి ఒక మంచి మాట పోతుంది. మీ ఇంట్లో కడప అంటే కడప అనే అనండి. బయటివాళ్ల కోసం రాస్తున్నప్పుడు గడప అని రాస్తే అందరికీ అర్థమవుతుంది, అంతే తేడా.

కడప ఊరి పేరు కూడా ఇందులోంచే వచ్చిందా?

అలాగే చెప్తారు. తిరుమలకు వెళ్లే యాత్రికులకు అది తొలి గడప అని, ముందు దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని చూసుకుని తర్వాత కొండకు బయల్దేరేవారని అక్కడ అందరికీ తెలిసిన కథ. అన్నమయ్య "కడపరాయడు" అని పాడింది ఈ స్వామినే. ఉగాది రోజున ముస్లింలు కూడా వచ్చి, స్వామిని పెళ్లాడిన ముస్లిం అమ్మాయిగా చెప్పుకునే బీబీ నాంచారమ్మను తలుచుకుని ఆ గుళ్లో మొక్కుకోవడం కడపలో ఇప్పటికీ ఉన్న ఆచారం, గడప పేరు పెట్టుకున్న ఊరికి ఇంతకంటే గౌరవం ఏం కావాలి. బ్రిటిష్ వాళ్లు రాసుకున్న కుడ్డపా అనే స్పెల్లింగును 2005లో కడపగా మార్చారు, జిల్లాకు 2010లో వైఎస్సార్ పేరు పెట్టారు. తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ కొన్నేళ్లు ఉద్యోగం చేసింది కూడా ఈ కడపలోనే, ఆయన పేరు మీద అక్కడ గ్రంథాలయం ఉంది.

వంటింటి గట్టు మీద వేసే నల్ల కడప బండకు ఆ పేరు ఊరి నుంచి వచ్చింది, ఇంటి గడప నుంచి కాదు. ఇది కూడా అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నాను.

"కాలం గడపడం"కీ ఈ గడపకీ సంబంధం ఉందా?

ఉంది. కడచు, గడచు అంటే దాటు. "కాలం గడిచింది" అంటే దాటిపోయిందని, "కాలం గడిపాను" అంటే దాటించానని. తమిళంలోనూ కడ అంటే దాటడమే. దాటేది కాబట్టి గడప. అచ్చ తెలుగు మాట, సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు.

రాసేటప్పుడు మాత్రం చిన్న జాగ్రత్త. "సెలవులన్నీ గడప దాటకుండా గడిపేశాను" అన్న వాక్యంలో మొదటి గడప నామవాచకం, రెండోది క్రియ. ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు "గడపలేక" లాంటివి రెండు రకాలుగానూ చదువుకునే వీలుంది, అందుకే గడపను, గడపకు, గడప మీద అని విభక్తి స్పష్టంగా పెట్టండి. గడియ అనేది ఇంకో మాట, అది తలుపుకు వేసేది, గొళ్లెం లాంటిది. గడియకూ గడపకూ పొంతన లేదు, అయినా పిల్లలు "గడప పెట్టి వచ్చాను" అంటుంటారు. గడియ పెట్టాలి, గడప దాటాలి.

గడప తొక్కడం, గడప ఎక్కడం, గడప దాటడం: మూడూ ఒకటేనా?

ఒకటి కాదు. ఈ మూడింటినీ కలిపేస్తే మాటలో పదును పోతుంది.

గడప తొక్కడం అంటే ఒకరి ఇంటికి రావడం. కానీ మామూలుగా వచ్చాడని చెప్పడానికి వాడరు. కోపంలోనో, పట్టుదలలోనో, గౌరవం గురించి మాట్లాడేటప్పుడో వస్తుంది, ఎక్కువగా "లేదు", "వద్దు"లతో కలిసి వస్తుంది. "మళ్లీ మా గడప తొక్కొద్దు", "చచ్చినా నీ గడప తొక్కను", "నాన్న పోయిన తర్వాత బాబాయి మా గడప తొక్కలేదు". ఈ మూడో వాక్యంలో ఎంత బాధ ఉందో చూడండి. "మా ఇంటికి రాలేదు" అంటే తీరిక లేక రాలేదేమో అనిపిస్తుంది, గడప తొక్కలేదు అంటే మాత్రం రాకూడదనే రాలేదు. ఇల్లే కానక్కర్లేదు. "బడి గడప తొక్కలేదు" అంటే అసలు చదువుకోలేదని, "పోలీస్ స్టేషన్ గడప తొక్కాల్సిన ఖర్మ పట్టింది" అంటే పరువు పోయిందని.

గడప ఎక్కడంలో ఎదుటివాడిది పైచేయి, మనది అవసరం. "అప్పు కోసం ఎంతమంది గడప ఎక్కానో". కోర్టు దగ్గర గడప కంటే మెట్లు ఎక్కువ వాడతాం, "కోర్టు మెట్లెక్కారు" అంటాం, అర్థం దాదాపు అదే. "ఎక్కే గడప దిగే గడప" అంటే పని కాక తిరగడమే. ఒక సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ మాట వివరించాల్సిన పనిలేదు.

గడప దాటడం ఎప్పుడూ లోపలి నుంచి బయటికే. "ఆ రోజుల్లో ఆడవాళ్లు గడప దాటేవాళ్లు కాదు", "ఈ మాట గడప దాటకూడదు". ఈ రెండో వాడుక నాకు చాలా ఇష్టం. మనిషి దాటినట్టే మాట కూడా దాటుతుంది, ఇంట్లో గొడవ ఇంట్లోనే ఉండాలని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. లోపలికి రావడానికి దాటడం వాడితే వినడానికి కొంచెం తేడాగా ఉంటుంది. "అతను మా గడప దాటి వచ్చాడు" అనేకంటే "మా గడప తొక్కాడు" అనడమే తెలుగు.

"ఆ ఊళ్లో రెండు వందల గడప ఉంటుంది" అంటారు. అదేం లెక్క?

ఇళ్ల లెక్క. ఒక గడప అంటే ఒక ఇల్లు, ఒక కుటుంబం. ఇలా లెక్క చెప్పేటప్పుడు చాలామంది గడపలు అని బహువచనం వాడరు, "రెండు వందల గడప" అనే అంటారు, అది తప్పు కాదు. జనాభా ఎంత అని అడిగితే మనుషుల లెక్క చెప్తాం, ఎన్ని గడప అని అడిగితే ఇళ్లు. ఊరి పండక్కి చందాలు రాసేటప్పుడు "గడపకు వెయ్యి" అంటే ఇంట్లో ఎంతమంది ఉన్నా వెయ్యే. అన్నదమ్ములు ఒకే కాంపౌండ్‌లో వేరు కాపురం పెడితే అవి రెండు గడపల కింద లెక్క, కలిసి వండుకుంటే ఒకటే గడప అంటారు కొన్ని ఊళ్లలో. అంటే ఇక్కడ చెక్కను కాదు, పొయ్యిని చూసి లెక్కపెడుతున్నట్టు.

"గడప గడపకూ" అన్నది కూడా ఇందులోంచే వచ్చింది, ఒక్క ఇల్లూ వదలకుండా అని. ఓట్లప్పుడు అన్ని పార్టీలూ వాడతాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం "గడప గడపకు మన ప్రభుత్వం" అని ఏకంగా కార్యక్రమానికే పేరు పెట్టింది. "ఇంటింటికీ" అన్నా అర్థం అదేగానీ, గడప గడపకూ అన్నప్పుడు మనిషి నడిచి వచ్చి ఎదురుగా నిలబడినట్టు ఉంటుంది.

"గడపకు తోరణం కట్టారు" అని రాయొచ్చా?

రాయకండి. తోరణం పైన కడతాం, గడప కింద ఉంటుంది. గుమ్మానికి తోరణం, దర్వాజకు తోరణం, గడపకు పసుపు. పండగ వచ్చిందంటే పత్రికల్లో, పోస్టుల్లో ఈ పొరపాటు కనిపిస్తూనే ఉంటుంది. బోనాలప్పుడు కట్టే వేపమండలు కూడా దర్వాజకే. కొన్ని ప్రాంతాల్లో పైచెక్కను "పై గడప" అనడం ఉంది, అక్కడ వాళ్లు పై గడపకు కట్టామంటే సరే, కానీ ఆ "పై" లేకుండా గడప అంటే వినేవాళ్లు కిందికే చూస్తారు.

గడప మీద కూర్చోవద్దు, నిలబడి డబ్బులు ఇవ్వొద్దు అంటారు. ఎందుకు?

గడప లక్ష్మీదేవి స్థానం అని నమ్మకం. అందుకే తొక్కి నిలబడరు, దాని మీద కూర్చోరు, తల పెట్టుకుని పడుకోరు. ఇచ్చిపుచ్చుకోవడాలు అటువైపో ఇటువైపో జరగాలి, ఒకరు లోపల ఒకరు బయట ఉండి గడప మీదుగా ఇవ్వకూడదంటారు. ఇప్పుడు పార్శిల్ తెచ్చిన డెలివరీ అబ్బాయి బయట, మనం లోపల, ఇచ్చిపుచ్చుకోవడం అంతా గడప మీదుగానే జరుగుతోంది. అయినా చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఒక అడుగు బయటికి వేసి తీసుకోవడం చూస్తుంటాం.

నరసింహావతారం కథ కూడా గుర్తు చేసుకోవాలి. ఇంటా బయటా చావు ఉండకూడదని హిరణ్యకశిపుడు వరం అడిగాడు, స్వామి గడప మీద కూర్చుని, పగలూ రాత్రీ కాని సంధ్యవేళ, తొడ మీద పెట్టుకుని చీల్చాడు. అంటే గడప ఇంట్లోకీ రాదు, బయటికీ రాదు. చిన్నప్పుడు సంధ్యవేళ గడప మీద కూర్చుంటే పెద్దవాళ్లు అరిచి లేపేది ఈ కథ చెప్పే.

ఇంకో మామూలు కారణం కూడా ఉంది. గడప మీద మనిషి కూర్చుంటే వచ్చేవాళ్లకు, పోయేవాళ్లకు అడ్డం. ఉమ్మడి కుటుంబంలో ఆ ఒక్క దారిలోనే బిందెలు, మూటలు, పిల్లలు, పళ్లేలు అన్నీ తిరగాలి. నమ్మకాన్ని నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లకు ఈ కారణం చాలు.

కొత్త కోడలు గడప దగ్గర ఎందుకు ఆగాలి?

పెళ్లయిన జంటను ఆడపడుచులు గడప దగ్గరే ఆపి పేర్లు చెప్పిస్తారు. మొగుడి పేరు నోటితో అనకూడదని పట్టింపు ఉన్న రోజుల్లో, అందరి ముందూ, గడప ఇవతల నిలబడి ఆ పేరు పలకడం ఆ అమ్మాయికి చిన్న పరీక్షేం కాదు. "ఫలానా నేనూ వచ్చాం, తలుపు తీయండి" అనేదాకా దారి వదలరు. ఆడపడుచుకు కట్నం ముట్టాలి, హారతి ఇవ్వాలి, ఆ తర్వాత గడప మీద పెట్టిన బియ్యం చెంబును కుడికాలితో లోపలికి తోసి అడుగుపెట్టాలి. వివరాలు కులాన్ని బట్టీ, ఊరిని బట్టీ మారతాయి.

ఇందులో అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. చెంబు ఒలికి బియ్యం లోపలికే పడాలి, బయటికి కాదు. గింజలు ఎటు పడ్డాయో చూసే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫంక్షన్ హాల్ నుంచి అర్ధరాత్రి ఫ్లాట్‌కి వచ్చి, లిఫ్ట్ దిగి, ఇరుకు కారిడార్‌లో పాతికమంది చెప్పులు విడిచి నిలబడి, వీడియో తీసే అబ్బాయి షూ రాక్ ఎక్కి మరీ ఈ ఘట్టం తీస్తుంటాడు. స్థలం తగ్గిందిగానీ ఈ తంతు తగ్గలేదు, తగ్గకూడదని నా కోరిక కూడా.

పసుపు రాయడం మంచిదా, పెయింట్ వేయించుకోవాలా, స్టిక్కర్ సరిపోతుందా?

ముందు పసుపు సంగతి. తడిగుడ్డతో గడప తుడిచి, పసుపు నీళ్లతో కలిపి మరీ పల్చగా కాకుండా చేసుకుని, పైముఖానికీ వీధి వైపు ముఖానికీ రాయాలి. అది కొంచెం ఆరాక కుంకుమ బొట్లు, మధ్యలో బియ్యప్పిండి బొట్లు. తడి మీదే కుంకుమ పెడితే అంతా కలిసి ఎర్రగా పాకిపోతుంది. శుక్రవారం, పండగల రోజుల్లో తప్పనిసరి, కొందరు రోజూ రాస్తారు. వేలితో ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా ఒకే వరసలో బొట్లు పెట్టుకుంటూ పోయే చేతులు చూస్తే ఎన్నేళ్ల అలవాటో తెలిసిపోతుంది.

ఫ్లాట్లలో ఇబ్బందులు నిజమే. పసుపు సాక్సులకు అంటుతుంది, లేత రంగు టైల్స్ మీద అడుగులు పడతాయి, పాలిష్ చేసిన టేకు మీద మరకవుతుంది. అందుకే పసుపురంగు ఎనామెల్ పెయింట్ వేయించి ఎరుపు, తెలుపు డిజైన్ వేయించుకుంటారు. ఏడాదికోసారి మళ్లీ వేయించుకుంటే బాగుంటుంది, దాని మీదే శుక్రవారం చిటికెడు పసుపు పెట్టుకోవచ్చు. స్టిక్కర్లు ఇప్పుడు పూజ సామాన్ల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు పర్వాలేదు, ఊడదీసుకుని వెళ్లిపోవచ్చు. సొంత ఇంట్లో చెక్క గడప మీద మాత్రం నేను వద్దంటాను. రోజూ తుడిచే నీళ్లు అంచుల్లోంచి కిందికి దిగి అక్కడే ఉండిపోతాయి, పైకి అందంగానే కనిపిస్తుంది, లోపల చెక్క నానుతుంది.

కొత్త ఫ్లాట్లలో లోపలి గదులకు గడపే ఉండట్లేదు. పర్వాలేదా?

పర్వాలేదు. ఈ ప్రశ్న వెనక టెన్షన్ నాకు తెలుసు, ఇల్లు బుక్ చేసుకుని వాస్తు చూపించుకున్నాక చాలామంది ఇక్కడే ఆగుతారు. పాత ఇళ్లలో గడపకు పని ఉండేది. వీధిలోంచి వాన నీళ్లు, దుమ్ము రాకుండా ఆపేది, తేళ్లు, పాములు తలుపు కింది సందులోంచి దూరకుండా చూసేది, రెండు నిలువు చెక్కలూ కింద ఎడం కాకుండా పట్టి ఉంచేది. ఎనిమిదో అంతస్తులో బెడ్‌రూమ్‌కు ఈ పనులేవీ లేవు. నిలువు చెక్కలను గోడకు బిగించేస్తున్నారు కాబట్టి మూడు వైపుల చట్రం చాలు. అదీగాక మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, వీల్‌చైర్‌లో తిరిగేవాళ్లకు గదిగదికీ గడప ఉండటం ప్రమాదమే. రాత్రిపూట గడప తట్టుకుని పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు.

వీధి గుమ్మానికి మాత్రం పట్టుబట్టి గడప పెట్టించుకోండి. అక్కడ చాలామంది బిల్డర్లు ఇస్తున్నారు, ఇవ్వకపోతే ముందే మాట్లాడుకోండి, టైల్స్ వేశాక చేయించడం కష్టం. బాత్‌రూమ్‌లకు గ్రానైట్ గడప కావాలి, అది ఆచారం కోసం కాదు, నీళ్లు గదిలోకి రాకుండా. చెక్క విషయంలో టేకు గట్టిది, హైదరాబాద్ టింబర్ డిపోల్లో బల్లార్షా టేకు అని అడిగి తీసుకుంటారు. చట్రం మొత్తంలో ముందు పాడయ్యేది గడపే, తడి తగిలేదీ చెదలు ఎక్కేదీ కిందినుంచే కాబట్టి డబ్బులు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి, గడప చెక్క దగ్గర వద్దు.

దర్వాజ ఎత్తేటప్పుడు గడప కింద ఏం వేస్తారు?

నవధాన్యాలు, నాణేలు, శక్తి ఉన్నవాళ్లు చిన్న బంగారం ముక్క లేదా నవరత్నాలు, పంచలోహాలు. ముహూర్తం చూసుకుని, చట్రానికి పసుపు కుంకుమ పెట్టి, పైచెక్కకు మామిడాకులు కట్టి, నలుగురూ చెయ్యేసి నిలబెడతారు. తెలంగాణలో దర్వాజ ఎత్తుడు అనీ, నిలబెట్టుడు అనీ అంటారు, కోస్తాలో గుమ్మం ఎత్తడం, ద్వారబంధం నిలబెట్టడం. ఆ రోజు వడ్లాయనకు, అంటే వడ్రంగికి, బట్టలు పెట్టడం మర్యాద, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. ఫ్లాట్ కొన్నవాళ్లకు ఈ ఘట్టం ఉండదు, బిల్డర్ ఎప్పుడో పెట్టేసి ఉంటాడు. గృహప్రవేశం రోజు గడపకు పూజ చేసుకుని లోపలికి వెళ్తే సరిపోతుంది.

ఉర్దూలో, హిందీలో గడపను ఏమంటారు? దర్వాజా అంటే గడపేనా?

దహ్లీజ్ అంటారు, చౌఖట్ అని కూడా అంటారు. దర్వాజా గడప కాదు, అది ద్వారం. హైదరాబాద్‌లో లాల్ దర్వాజ అనగానే బోనాలు, సింహవాహిని మహంకాళి గుర్తొస్తాయి. ఆ దర్వాజలు నగర ప్రాకారానికి ఉండే పెద్ద పెద్ద ద్వారాలు, వాటిల్లో ఇవాళ నిలబడి ఉన్నవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజలే. గోల్కొండలో ఫతే దర్వాజ ఉంది. చార్మినార్ పక్కన చార్ కమాన్‌లో ఉన్నవి కమాన్లు, అంటే తోరణంలా వంగిన కట్టడాలు, తలుపులు మూసుకునేవి కావు.

కులశేఖర పడి అంటే ఏంటి?

తిరుమలలో గర్భాలయం గడప. కులశేఖరాళ్వారు స్వామి ఎదుట మెట్టుగా పడి ఉండే భాగ్యం ఇవ్వమని వేడుకున్నారు, తమిళంలో పడి అంటే మెట్టు. ఆయన చేర రాజ్యపు రాజు. రాజు అయ్యుండి, భక్తులు తొక్కుతూ పోయినా సరే రోజూ స్వామి ముఖం చూస్తూ ఉంటే చాలనుకున్నాడు. గడప మీద ఇంతకంటే గొప్ప కోరిక ఎవరైనా కోరారా అనిపిస్తుంది నాకు. వైష్ణవాలయాల్లో చాలాచోట్ల ఆ గడపను ఇదే పేరుతో పిలుస్తారు.

దేహళీదీప న్యాయం అన్నప్పుడు దేహళి గడపేనా?

అవును. గడప మీద దీపం పెడితే లోపలికీ వెలుగు, బయటికీ వెలుగు. వాక్యంలో ఒకే మాట ముందుదానికీ వెనకదానికీ పనికొస్తే వ్యాఖ్యాతలు ఈ న్యాయం, అంటే ఈ పోలిక, చెప్తారు.

కిటికీకి గడప ఉంటుందా?

కింది చెక్క ఉంటుంది, గడప అనరు. కాలు పెట్టేది కాదుగా. కిటికీ గట్టు అంటే సరిపోతుంది.

"కొత్త సంవత్సరం గడప మీద నిలబడి ఉన్నాం" అని రాయొచ్చా?

అర్థం కాకపోదుగానీ తెలుగులా వినిపించదు. ఇలాంటిచోట మనకు ముంగిట అనే మంచి మాట ఉంది. కొత్త ఏడాది ముంగిట, ఎన్నికల ముంగిట, పరీక్షల ముంగిట. రాబోయే సమయాన్ని మనం ముంగిలిగా చూస్తాం, గడపగా కాదు. వయసుకు మాత్రం గడప కాకుండా పడి వాడతాం, "అరవయ్యో పడిలో పడ్డాడు" అంటాం. అలాగే "ఇల్లూ వాకిలీ వదిలేసి" అన్నది జంట మాట, అక్కడ వాకిలి తీసేసి గడప పెట్టకండి, "ఇల్లూ గడపా" అని ఎవరూ అనరు.